ఫోన్‌లో యాప్ ఉంది, దారి మూసుకుపోయింది: రష్యాలో వీపీఎన్‌ల తొలగింపుపై ఒక కేస్ స్టడీ

2024 జూలై 4 సాయంత్రం మా డిజిటల్ భద్రతా హెల్ప్‌లైన్‌కు ఒక చిన్న వార్తా సంస్థ ఎడిటర్ నుంచి మెసేజ్ వచ్చింది. తమ వాళ్లు వాడే వీపీఎన్ (ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను గుప్తంగా వేరే సర్వర్ మీదుగా పంపి నిషేధాలను దాటించే యాప్) ఆపిల్ వారి రష్యా యాప్ స్టోర్‌లో కనిపించడం లేదట. వెతికితే పేరే రావడం లేదు. అయితే ముందే ఫోన్‌లో వేసుకున్నవాళ్లకు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది. ఇప్పుడు వెంటనే ఏమైనా చేయాలా అని ఆమె అడిగారు.

కంగారు పడాల్సింది ఏమీ లేదు, ఉన్నవాళ్లు డిలీట్ చేయకుండా ఉంటే చాలు అని నేను జవాబిచ్చాను. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం చెప్పకపోవడం వల్ల ఆరు వారాల తర్వాత ఒక మనిషి నిజంగా ప్రమాదంలో పడింది. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని, ఆ సంస్థ అనుమతితో, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

వాళ్లు, వాళ్ల ఫోన్లు

ఇది రష్యా బయట ఉంటూ రష్యన్ భాషలో వార్తలు ఇచ్చే సంస్థ. సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' ఇస్తే 15 ఏళ్ల వరకు జైలు అనే చట్టం 2022 మార్చిలో వచ్చింది. అప్పుడే ఎడిటర్, ఇంకొందరు దేశం వదిలేశారు. వాళ్ల సైట్‌ను దేశంలో బ్లాక్ చేశారు. అయినా లోపల కొందరు ఇప్పటికీ వీళ్లకు సాయం చేస్తున్నారు. కోర్టు విచారణలకు వెళ్లి నోట్స్ రాసేవాళ్లు ఉన్నారు, చిన్న ఊళ్ల నుంచి ఫోటోలు పంపేవాళ్లు ఉన్నారు. వీళ్లలో ఎక్కువమందివి ఆండ్రాయిడ్ ఫోన్లు, కొందరివి ఐఫోన్లు.

2023 చివర్లో వీళ్లందరికీ నేనే ఏర్పాటు చేశాను. పేరున్న ఒక వీపీఎన్ ఎంచుకున్నాం. సబ్‌స్క్రిప్షన్ డబ్బు సంస్థ బయటి నుంచే కట్టింది, ఎందుకంటే 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో కార్యకలాపాలు ఆపేశాక అక్కడి కార్డులతో విదేశీ సర్వీసులకు డబ్బు కట్టడం కుదరడం లేదు. అందరికీ ఒకే మాట చెప్పాను: యాప్‌ను అధికారిక స్టోర్ నుంచే వేసుకోండి, బయట దొరికే ఫైళ్లు ముట్టుకోవద్దు.

భద్రతా శిక్షణల్లో మేమందరం ఏళ్ల తరబడి చెబుతున్న సలహా ఇదే. మాల్‌వేర్ నుంచి కాపాడుకోవడానికి అది మంచి సలహా కూడా. కానీ దాని అడుగున ఒక నమ్మకం ఉంది: స్టోర్ ఎప్పుడూ వాడేవాళ్ల పక్షానే ఉంటుందని. ఆ నమ్మకాన్ని నేను ఎప్పుడూ పరీక్షించి చూడలేదు.

అక్కడిదాకా ఎలా వచ్చింది

రష్యాలో వీపీఎన్‌ల మీద చట్టం 2017 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. నిషేధించిన సైట్ల జాబితాకు వీపీఎన్ కంపెనీలు తమ వ్యవస్థను కలిపి, ఆ సైట్లను తామే ఆపేయాలి. 2019 మార్చిలో సమాచార నియంత్రణ సంస్థ రోస్కొమ్నాడ్‌జోర్ పది కంపెనీలకు ఈ నోటీసు పంపితే ఒప్పుకున్నది రష్యా యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ ఒక్కటే. మిగతావాళ్లలో కొందరు రష్యాలోని సర్వర్లే తీసేసుకున్నారు.

అంతకు ముందు ఏడాది జరిగింది ఇంకా ముఖ్యం. 2018 ఏప్రిల్‌లో టెలిగ్రామ్‌ను ఆపాలని అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లకు చెందిన లక్షల కొద్దీ ఐపీ అడ్రసులను (ఇంటర్నెట్‌లో పరికరాల చిరునామాలు) బ్లాక్ చేశారు. సంబంధం లేని సర్వీసులు ఎన్నో ఆగిపోయాయి, టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 జూన్‌లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అయితే ఆ గొడవలో అంతగా చర్చకు రాని సంగతి ఒకటుంది. టెలిగ్రామ్‌ను తీసేయమని రష్యా అడిగినప్పటి నుంచి తమ ఐఫోన్ యాప్ అప్‌డేట్లను ఆపిల్ ప్రపంచమంతటా ఆపేసిందని టెలిగ్రామ్ వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్ 2018 మే 31న బయటపెట్టాడు. యాప్ స్టోర్‌లోనే ఉంది, కొత్త వెర్షన్ మాత్రం రాదు. తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే అప్‌డేట్లు మళ్లీ మొదలయ్యాయి. ఈ సంగతి నాకు తెలుసు. 2024 జూలైలో అవసరమైనప్పుడు గుర్తుకు రాలేదు.

టెలిగ్రామ్ అనుభవం తర్వాత అధికారులు పద్ధతి మార్చారు. 2019 నవంబర్ 1 నుంచి అమలైన 'సార్వభౌమ ఇంటర్నెట్' చట్టం కింద ఇంటర్నెట్ కంపెనీల నెట్‌వర్కుల్లో టీఎస్‌పీయూ అనే పెట్టెలు బిగిస్తున్నారు. వాటి పగ్గాలు రోస్కొమ్నాడ్‌జోర్ చేతిలో ఉంటాయి. ఈ పెట్టెలు అడ్రసు ఒక్కటే చూసి ఊరుకోవు, ప్యాకెట్ (నెట్‌లో పోయే డేటా ముక్క) ఆకారం కూడా చూస్తాయి. చాలా వీపీఎన్‌లు వాడే వైర్‌గార్డ్ అనే పద్ధతినే (ప్రోటోకాల్) తీసుకోండి. అందులో ఫోన్ సర్వర్‌కు పంపే మొట్టమొదటి ప్యాకెట్ పొడవు 148 బైట్లు, దాని మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. లోపలి సందేశం ఎవరూ చదవలేరు. కానీ ఉత్తరం చదవకుండానే కవరు చూసి ఎవరు రాశారో చెప్పేసినట్టు, ఆ ఆకారం చూసి ఇది వైర్‌గార్డ్ అని పెట్టె పట్టేస్తుంది. 2023 ఆగస్టులో రష్యా మొబైల్ నెట్‌వర్కుల్లో వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్ లాంటివి పెద్ద ఎత్తున ఆగిపోయింది ఇలాగే.

దానికి వీపీఎన్ తయారీదారుల జవాబు ఆకారం మార్చడం. ముందు చెత్త ప్యాకెట్లు కలుపుతారు, ప్యాకెట్ మొదటి బైట్లు మారుస్తారు, మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్‌లా కనిపించేలా చుడతారు. పెట్టె నేర్చుకుంటుంది, వీళ్లు మళ్లీ మారుస్తారు. అందుకే ఇలాంటి దేశాల్లో వీపీఎన్‌కు అప్‌డేట్ అంటే ఊపిరి.

2024 మార్చి 1 నుంచి వీపీఎన్‌లను ప్రచారం చేయడాన్ని నిషేధించారు. జూలై 4న రోస్కొమ్నాడ్‌జోర్ కోరిక మీద 25 వీపీఎన్ యాప్‌లను ఆపిల్ రష్యా స్టోర్ నుంచి తీసేసిందని రష్యా వార్తా సంస్థ ఇంటర్‌ఫాక్స్ తెలిపింది. నార్డ్‌వీపీఎన్, ప్రోటాన్‌వీపీఎన్, రెడ్ షీల్డ్, లే వీపీఎన్ లాంటివి అందులో ఉన్నాయి. అక్కడితో ఆగలేదు. ఎలాంటి ప్రకటనా లేకుండా ఇంకా దాదాపు 60 పోయాయని, సెప్టెంబర్ నాటికి రష్యా స్టోర్‌లో దొరకని వీపీఎన్‌లు 98 అని ఇంటర్నెట్ సెన్సార్‌షిప్‌ను గమనించే గ్రేట్‌ఫైర్ బృందం లెక్క తేల్చింది.

ఆరు వారాల తర్వాత

జూలై అంతా ప్రశాంతంగానే గడిచింది. ఫోన్‌లో ఉన్న యాప్ పనిచేస్తూనే ఉంది. ఎడిటర్ కూడా ఆ విషయం మర్చిపోయారు.

ఆగస్టు మధ్యలో కోర్టు నోట్స్ పంపే ఒక మహిళ నుంచి కబుర్లు ఆగిపోయాయి. ఆమెది ఐఫోన్. అప్పటికే యూట్యూబ్ నత్తనడక నడుస్తోంది, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఆగస్టు 9న బ్లాక్ అయింది. కాబట్టి ఇది కూడా అందరికీ ఉన్న ఇబ్బందే అనుకున్నాం. తొమ్మిది రోజులు అలా గడిచిపోయాయి.

తర్వాత తెలిసింది. మేమిచ్చిన వీపీఎన్ 'కనెక్ట్ అవుతోంది' దగ్గరే తిరుగుతూ ఉండిపోతే, ఆమె అదే స్టోర్‌లో వెతికి పైన కనిపించిన ఒక ఉచిత వీపీఎన్ వేసుకుంది. దాని తయారీదారు ఎవరో ఎక్కడా లేదు. కాంటాక్టులు అడిగితే ఇచ్చింది. దాని మీదుగానే ఈమెయిల్ తెరిచింది. స్టోర్ నుంచే వేసుకోమని నేను చెప్పిన మాటను ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. నమ్మదగినవి తీసేసిన స్టోర్‌లో ఇక మిగిలేవి ఏవి? ప్రభుత్వ జాబితాకు తలొగ్గినవి, లేదా ఎవరి చేతిలో ఉన్నాయో తెలియనివి. తొలగింపుల గురించి రాసేవాళ్లు పోయిన యాప్‌ల సంఖ్య చెబుతారు. నాకు మాత్రం ఆ ఖాళీలో పైకి తేలే యాప్‌ల గురించే ఎక్కువ భయం.

ఆ ఫోన్‌ను నమ్మకూడనిదిగానే లెక్కగట్టాం. వేరే పరికరం నుంచి ఆమె ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాం, తెరిచి ఉన్న సెషన్లన్నీ మూసేశాం, పాత డ్రాఫ్టుల్లో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూసి వాళ్లకు చెప్పాం. నాకు తెలిసినంతలో ఎవరికీ హాని జరగలేదు. ఆ వారం ఎంత టెన్షన్‌గా గడిచిందో మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కారణం పట్టుకోవడం

అదే వీపీఎన్ కంపెనీ, అదే ఖాతా, అదే సర్వర్, అదే మొబైల్ నెట్‌వర్క్. ఆండ్రాయిడ్ వాళ్లకు కలుస్తోంది, ఐఫోన్ వాళ్లకు కలవడం లేదు. మొదట ఐఫోన్ సెట్టింగులను అనుమానించి ఒక పూట వృథా చేశాం. తర్వాత అందరినీ యాప్ వెర్షన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పంపమంటే అసలు సంగతి కళ్ల ముందుకొచ్చింది. ఐఫోన్లన్నీ జూలై మొదటి వారం వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. ఆండ్రాయిడ్‌లవి ఆగస్టు వెర్షన్. కంపెనీ ఆగస్టులో ప్యాకెట్ ఆకారం మార్చింది. ఆ మార్పు ఐఫోన్లకు చేరే దారి లేదు.

జూలై 4న నాకు అర్థం కానిది ఇదే. స్టోర్ తొలగింపు ఒక పని, నెట్‌వర్క్‌లో పెట్టెలు చేసేది ఇంకో పని అనుకున్నాను. నిజానికి రెండూ కలిసి ఒకే పని చేస్తాయి. తొలగించిన రోజు ఏమీ ఆగదు. ఆ రోజు నుంచి యాప్ గడ్డకట్టుకుపోతుంది. పెట్టె మాత్రం నేర్చుకుంటూనే ఉంటుంది. ఎప్పుడో ఒక రోజు పాత ఆకారాన్ని పట్టేస్తుంది, ఆ రోజున యాప్ చచ్చిపోతుంది. అప్పటికి తొలగింపు వార్త పాతబడి ఉంటుంది, ఎవరూ ఆ రెంటినీ కలిపి చూడరు. తమ సర్వర్లను అధికారులు ఆరేళ్లపాటు వేల సంఖ్యలో బ్లాక్ చేసినా సాధించలేనిది ఆపిల్ వాళ్లకోసం చాలా సమర్థంగా చేసిపెట్టిందని రెడ్ షీల్డ్ వాళ్లు అప్పట్లో అన్నారు. కోపంలో అన్న మాట అనుకున్నాను. ఆగస్టు తర్వాత అది సాంకేతికంగా కూడా సరైన మాటేనని తెలిసింది.

ఏం చేశాం

ఆండ్రాయిడ్ వైపు పని సులువు. వాళ్లకు యాప్ పనిచేస్తున్నా, రేపు స్టోర్ మూసుకుపోతే స్టోర్ లేకుండా అప్‌డేట్ చేసుకునే దారి ఉండాలనుకున్నాం. కంపెనీ సైట్ రష్యాలో బ్లాక్ అయింది కాబట్టి కొత్త ఫైల్‌ను ఎడిటర్ నేరుగా పంపారు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాం: పాత యాప్ తీసేయకుండా దాని మీదే కొత్తది వేయండి. ఆండ్రాయిడ్ యాప్‌కు తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం వేరైతే పాతదాని మీద కొత్తది ఎక్కడానికి ఫోన్ ఒప్పుకోదు. ఎక్కిందంటే అదే తయారీదారుది అని అర్థం. ఈ కంపెనీ స్టోర్‌లోనూ సైట్‌లోనూ ఒకే సంతకం వాడుతోందని ముందే కనుక్కున్నాం. కొన్ని కంపెనీలు అలా వాడవు, అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు.

ఐఫోన్ దగ్గర అసలు కష్టం. రష్యాలో ఐఫోన్‌కు స్టోర్ బయట మామూలు దారి లేదు. యాప్‌లను పరీక్షించడానికి ఆపిల్ ఇచ్చే టెస్ట్‌ఫ్లైట్ ద్వారా పరీక్షా వెర్షన్ ఇవ్వొచ్చు, కానీ అది 90 రోజుల్లో కాలం చెల్లిపోతుంది, పైగా అది నడిచేది కూడా ఆపిల్ చేతుల్లోనే. ఆపిల్ ఖాతా దేశం మార్చుకోవాలంటే ఉన్న సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేయాలి, ఖాతాలో మిగిలిన డబ్బు ఖాళీ చేయాలి. మా వాళ్లలో కొందరు కుటుంబ ఖాతాల్లో ఉన్నారు, వాళ్లకు అది ఇంకా చిక్కు.

చివరికి వేరే దేశం పేరుతో, పేమెంట్ వివరాలు లేకుండా, కొత్త ఖాతా తెరిచి దాన్ని యాప్ స్టోర్ వరకే వాడే పద్ధతి ఎంచుకున్నాం. ఐక్లౌడ్‌లో పాత సొంత ఖాతాయే ఉంటుంది. ఇక్కడ చాలామంది పెద్ద పొరపాటు చేస్తారు, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఆన్‌లైన్‌లో 'విదేశీ ఆపిల్ ఖాతా' అని అమ్మేవాళ్లుంటారు. ఆ ఖాతాతో ఐక్లౌడ్‌లోకి లాగిన్ అయితే ఆ ఫోన్ తాళం అమ్మినవాడి చేతికి పోయినట్టే. దూరం నుంచే లాక్ చేసి డబ్బు గుంజుతారు. మా బృందంలో ఒకతను అప్పటికే అలాంటి ఖాతా కొనుక్కుని ఉన్నాడు, అదృష్టం బాగుండి ఇంకా వాడలేదు. ప్రతి ఒక్కరితో వీడియో కాల్‌లో కూర్చుని, ఏ స్క్రీన్‌లో ఏది నొక్కాలో చూపించి చేయించాం. ఒక్కొక్కరికి దాదాపు గంట పట్టింది.

రెండో దారిగా ఒక విదేశీ సర్వర్ అద్దెకు తీసుకుని, ఈ కొద్దిమందికే సొంత వీపీఎన్ పెట్టాం. వేలమంది వాడే సర్వర్ కంటే పదిమంది వాడేది పెట్టెల కంట్లో ఆలస్యంగా పడుతుంది. దానికి సొంత కష్టాలున్నాయి: అద్దె కట్టేది ఎవరు, అడ్రసు బ్లాక్ అయితే రాత్రికి రాత్రి మార్చేది ఎవరు, సర్వర్ చూసుకునే మనిషికి వీళ్లందరి ఐపీ అడ్రసులు కనిపిస్తాయి కదా. ఎవరు ఎప్పుడు కలిశారో రాసే రికార్డులు (లాగ్‌లు) ఉండకుండా సెట్ చేసి, ఆ పని సంస్థలో ఇద్దరికి అప్పగించాం.

ఇంకో మార్పు చట్టం వల్ల చేయాల్సి వచ్చింది. 2024లో ఒక వ్యక్తి వీపీఎన్ వాడుకోవడం రష్యాలో నేరం కాదు. ప్రచారం మాత్రం నిషిద్ధం. అంతకుముందు లోపలివాళ్లు సూచనలను ఒకరికొకరు పంపుకునేవాళ్లు. దాన్ని ఆపించాం. సూచనలు బయటి నుంచే వెళ్తాయి, లోపలివాళ్లు ఎవరికీ ఫార్వర్డ్ చేయరు.

కంపెనీల సంగతి

వ్యాపారం చేసే ప్రతి దేశంలో అక్కడి చట్టం పాటిస్తామన్నది ఆపిల్ ఎప్పుడూ చెప్పే జవాబు. 2017 జూలైలో చైనా స్టోర్ నుంచి వీపీఎన్‌లు తీసేసినప్పుడు ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ చెప్పిందీ ఇదే. ఆ ఏడాది అక్కడ తీసేసిన వీపీఎన్ యాప్‌లు 674 అని అమెరికా సెనేటర్లకు రాసిన లేఖలో ఆ కంపెనీయే ఒప్పుకుంది. చైనాలో వాళ్లకు ఫ్యాక్టరీలున్నాయి, పెద్ద మార్కెట్ ఉంది. ఆ లెక్క నాకు నచ్చకపోయినా అర్థమవుతుంది. 2021 సెప్టెంబర్‌లో రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ బృందం ఎన్నికల యాప్‌ను ఆపిల్, గూగుల్ తీసేసినప్పుడు రష్యాలోని తమ ఉద్యోగుల మీద కేసులు పెడతామన్న బెదిరింపులు ఉన్నాయని పత్రికలు రాశాయి. మనుషుల్ని బందీ చేసినప్పుడు కంపెనీని నిలదీయడానికి నాకు నోరు రాదు.

2024 నాటి పరిస్థితి వేరు. ఆపిల్ రష్యాలో తన ఉత్పత్తుల అమ్మకం ఆపేసి అప్పటికి రెండేళ్లు దాటింది. పోగొట్టుకోవడానికి అక్కడ మిగిలింది తక్కువ. అయినా కాదనలేదు. కాదనడం సాధ్యమేనని అంతకు నెల ముందే రుజువైంది. 2024 జూన్‌లో రోస్కొమ్నాడ్‌జోర్ అడిగితే మొజిల్లా తన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో సెన్సార్‌షిప్‌ను దాటించే కొన్ని యాడ్-ఆన్‌లను (బ్రౌజర్‌కు కలిపే చిన్న ప్రోగ్రాములు) రష్యాలో ఆపేసింది. విమర్శలు రాగానే కొద్దిరోజుల్లోనే నిర్ణయం మార్చుకుని తిరిగి అందుబాటులోకి తెచ్చింది. మొజిల్లాకు ఆపిల్‌కు ఉన్నన్ని ఆస్తులు లేవు కాబట్టి తేలికగా చేయగలిగిందని వాదించొచ్చు. నా అభిప్రాయం వేరు. ఐఫోన్‌లో మరో దారి లేకుండా కట్టింది ఆపిలే. వేరే దారి ఉన్న చోట ఒక యాప్ తీసేయడం అసౌకర్యం. దారి ఒక్కటే ఉన్న చోట తీసేయడం తలుపుకు తాళం వేయడమే. ఆ తాళం బరువు కంపెనీయే మోయాలి.

కనీసం ఒకటి చేయొచ్చని నేను చాలాచోట్ల అడుగుతూనే ఉన్నాను. ఒక దేశపు స్టోర్ నుంచి యాప్ తీసేయాల్సి వచ్చినా, అప్పటికే వేసుకున్నవాళ్లకు భద్రతా అప్‌డేట్లు ఆపకండి. యాప్ పోయిన సంగతి ఆ వాడుకదారుల ఫోన్‌లో స్పష్టంగా చూపించండి. మా కోర్టు నోట్స్ మహిళకు జూలై 4న అలాంటి ఒక్క మాట కనిపించి ఉంటే ఆగస్టు దాకా ఆగేది కాదు, మాకు ఫోన్ చేసేది.

ఇప్పుడు

మా హెల్ప్‌లైన్‌లో ఇప్పుడు ప్రతి కేసుకూ రెండు దారులు తప్పనిసరి, వాటిలో ఒకటి స్టోర్‌తో సంబంధం లేనిది. నెలకోసారి అందరూ వెర్షన్ నంబర్ పంపుతారు. ఎవరిదైనా రెండు నెలలుగా మారలేదంటే అది పనిచేస్తున్నా సరే, ఆ వారమే కూర్చుని మారుస్తాం. స్టోర్ నుంచే వేసుకోండి అన్న పాత పాఠాన్ని శిక్షణా కాగితాల్లోంచి పూర్తిగా తీసేయలేదు. దాని పక్కన, ఆ దేశంలో స్టోర్ ఎవరి మాట వింటోందో ముందు చూడమని ఒక పేరా చేర్చాం.

రష్యాలో పరిస్థితి ఇంకా బిగుసుకుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి 'తీవ్రవాద' జాబితాలోని సమాచారాన్ని తెలిసి వెతికినా చాలు, 3,000 నుంచి 5,000 రూబుళ్ల జరిమానా ఉంది, అది వీపీఎన్‌తో వెతికినా వర్తిస్తుంది. ఇద్దరు సహాయకులు ఆ నెలలో తప్పుకుంటామన్నారు. వాళ్ల ఖాతాలు, పరికరాల్లోని ఫైళ్లు శుభ్రం చేసి పంపాం.

కోర్టు నోట్స్ రాసే ఆమె తప్పుకోలేదు. 2025 వేసవిలో ఆమె ఐఫోన్ పగిలిపోయింది, పాత ఆండ్రాయిడ్ ఒకటి కొనుక్కుంది. ఆ రాత్రే రెండో దారి మీదుగా మాకు వెర్షన్ నంబర్ స్క్రీన్‌షాట్ పంపింది. దాని కింద ఆ రోజు విచారణ నోట్స్ నాలుగు పేజీలు ఉన్నాయి.